నాలుగు చక్రాల ధైర్యం

కార్తీకమాసం వచ్చి పన్నెండు రోజులైంది. సూర్యుడు మాత్రం ఇంకా రాలేదు. వంటింట్లో కట్టెలు తడిసి, మండడం మానుకుని, పొగ పెట్టడమే పనిగా పెట్టుకున్నాయి. వనజాక్షి గొట్టంతో ఊది ఊది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, ఈ ఇంట్లో చెప్పిన మాట వినే వస్తువు ఒక్కటైనా ఉంటే బాగుండేదనుకుంది. పశువుల కొట్టం పక్క నుంచి గుడ్డతో ఇనుమును రుద్దుతున్న చప్పుడు వస్తోంది. ఆమె భర్త సుదర్శనం జీపు తుడుస్తున్నాడు. వాన పడుతుండగానే తుడుస్తున్నాడు.

ఆ జీపు ఇంటికి వచ్చి ఆరు నెలలు. యుద్ధం ముగిశాక అమెరికా వాళ్ళు వదిలేసి పోయిన బండి. ఎన్ని చేతులు మారిందో గానీ, ఆవడి దగ్గర మిలిటరీ సామాన్ల వేలంలో సుదర్శనానికి దక్కింది. స్టీరింగు ఎడమ పక్క ఉంటుంది. తలుపులు ఉండవు. మామూలు కారుకు వెనక రెండు చక్రాలే లాగుతాయనీ, దీనికి ఇంకో కడ్డీ వేస్తే నాలుగూ లాగుతాయనీ సుదర్శనం గడప తొక్కిన ప్రతి మనిషికీ వివరించాడు. పాలు పితికే చెంగమ్మకు రెండుసార్లు వివరించాడు. పోయిన నెల మద్రాసు వెళ్ళి కొత్త టైర్లు కూడా వేయించుకొచ్చాడు. బొటనవేలంత లావు పళ్ళున్న టైర్లు. ఎంత బురదనైనా కరిచి పట్టుకుంటాయట.

తిరుత్తణికి నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊరికంతటికీ మోటారు బండి అదొక్కటే. తిరుత్తణి ఆంధ్రలో ఉండాలా, మద్రాసులో కలవాలా అని పెద్దలు ఇంకా తేల్చుకోని రోజులవి. ఏ రాష్ట్రంలో ఉన్నా తన జీపు మాత్రం ఆగదని సుదర్శనం ధీమా.

ఆవేళ గురువారం. సుదర్శనం చెల్లెలు కాంచనను పురిటికి తీసుకురావాల్సిన రోజు. ఆమె అత్తగారి ఊరు వెంగల్, తిరువళ్ళూరు దాటి పోవాలి. రెండుసార్లు కడుపు నిలవక, ఈసారికి తొమ్మిదో నెల పడింది. "ఈ బిడ్డ నిలబడాలంటే కుదుపు తగలకూడదు, జారి పడకూడదు, నాకు దగ్గర్లో ఉండాలి" అని తిరుత్తణి లేడీ డాక్టరు గట్టిగా చెప్పింది. కాంచన తల్లి లేని పిల్ల. పదకొండో ఏట నుంచి జడ వేసిందీ, పెళ్ళి చేసి పంపిందీ వదిన వనజాక్షే. వారం రోజులుగా వనజాక్షికి తిన్న అన్నం సయించడం లేదు.

"వనజా, మీ బావకు చెప్పు," కాఫీ గ్లాసు అందుకుంటూ అన్నాడు సుదర్శనం. "ఎనిమిదికి బయల్దేరతాం. ఒకటిన్నరకు రాహుకాలం. అంతలోపల మన కాంచన పాప ఈ గడప తొక్కాల. అయ్యవారు ఖండితంగా చెప్పినాడు."

ఆ బావ నాలుగడుగుల దూరంలో, వరండా బల్ల మీద కూర్చుని నిన్నటి పేపరు చదువుతున్నాడు. మునిస్వామి, సుదర్శనానికి అన్న. తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు.

"అమ్మణ్ణీ, మీ ఆయనకు చెప్పు, రైలుండాదని. తిరువళ్ళూరులో ఎక్కి, అరక్కోణంలో మారి, తిరుత్తణిలో దిగేది. ఆడినుంచి మన ఎద్దుబండి. రైలుకు స్టీరింగు లేదు, అందుకే పొగరు కూడా లేదు."

"తొమ్మిదో నెల మనిషి అరక్కోణం స్టేషన్లో మెట్లెక్కి దిగాల్నా అని అడుగు వనజా."

"ఈ వానలో మెట్లే మేలని చెప్పమ్మా."

"ముందు నన్ను కాఫీ తాగనియ్యండి," అంది వనజాక్షి. "తర్వాత ఇద్దరి జాబులూ ఇద్దరికీ చేరుస్తాను. స్టాంపులు మాత్రం మీరే అంటించుకోండి."

అన్నదమ్ములు నేరుగా మాట్లాడుకుని ఆరు నెలలైంది. జీపు వచ్చిన రోజు వాకిట్లో పూజ జరిగింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, ఊరంతా చూస్తుండగా సుదర్శనం స్టీరింగు ముందు కూర్చున్నాడు. అప్పుడు మునిస్వామి వంగి, టైరును బొటనవేలితో నొక్కి చూసి, "పోయేది బాగానే పోతాది. ఆగతాదా?" అన్నాడు. పూజవేళ, పదిమందిలో, కర్పూరం ఆరకముందే. ఆ మాట సుదర్శనానికి శాపంలా తగిలింది. ఆవేళ మూసిన నోరు అన్న దగ్గర మళ్ళీ తెరవలేదు.

మునిస్వామికి బండ్ల సంగతి తెలియక కాదు. కాశ్మీరు యుద్ధంలో ఆయన మిలిటరీ లారీ డ్రైవరు. నలభై ఎనిమిది చలికాలంలో మంచుకొండల మీద లారీ నడిపి, కుడికాలి వేళ్ళు మూడు అక్కడి మంచుకే వదిలేసి, చేతికర్రతో ఇంటికి వచ్చాడు. పెళ్ళి మాట ఎత్తనివ్వలేదు. స్టీరింగు మళ్ళీ ముట్టలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే "మోటారంటే మొగం మొత్తింది" అనేవాడు.

ఎనిమిదికి జీపు బయల్దేరబోతుంటే, మునిస్వామి గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి వెనక సీటెక్కి కూర్చున్నాడు. సుదర్శనం నోరు తెరిచాడు.

"అమ్మణ్ణీ, నేను బండి కోసం ఎక్కలేదని చెప్పు," అన్నాడు మునిస్వామి. "పాప కోసం ఎక్కినా."

పోయేటప్పుడు జీపు నిజంగానే సింహంలా పోయింది. ఊరు దాటి రెండు మైళ్ళకు వంక, వంక దాటగానే చెరువు కట్ట మీదికి నిటారుగా ఎక్కే బంకమట్టి దారి. సుదర్శనం కడ్డీ వేశాడు. జీపు గర్జించి, బురదను వెనక్కు చిమ్ముతూ, ఒక్కసారి కూడా తడబడకుండా ఎక్కేసింది. తిరువళ్ళూరు ఇవతల ఒక బస్సు రోడ్డు పక్క గుంటలో దిగబడి ఉంటే, తాడు కట్టి దాన్ని కూడా బయటికి లాగాడు. ప్రయాణికులు చుట్టూ మూగారు. "సింగం సార్ ఉంగ వండి!" అని, మీ బండి సింహమంటూ అరవంలో మెచ్చుకున్నాడు కండక్టరు. ఆ మాటతో సుదర్శనం సీట్లో రెండంగుళాలు పొడుగయ్యాడు. వెనక్కి తిరిగి చూస్తే అన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"నిద్రపోలేదు, వింటున్నారు," అని వనజాక్షి అడగకుండానే జాబు అందించింది.

వెంగల్‌లో ఆలస్యం మొదలైంది. కాంచన అత్తగారు ధనమ్మ మనసు మంచిది. కానీ ఆ మనసు విస్తట్లోకి చేరడానికి చాలాసేపు పడుతుంది. ఇడ్లీ తిన్నాక పొంగలి, పొంగలి అయ్యాక వడ, వడ తిన్నాక "అయ్యో, పాయసం ఇప్పుడే దించినా, నోరు తీపి చేసుకోకుండా పోతారా?" అంది. తర్వాత కోడలికి గాజులు తొడిగింది. హారతి ఇచ్చింది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. జీపు కదిలేసరికి పదకొండూ పదిహేను.

కాంచనను ముందు కుడిపక్క సీట్లో, కిందా వెనకా దిండ్లు పెట్టి కూర్చోబెట్టారు. ఆమె పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని, "చిన్నన్నా, మెల్లగా," అంది.

"భయపడొద్దు పాపా. నాలుగు చక్రాలూ లాగతాయి."

"లాగేది ఎవరికి కావాల చిన్నన్నా, కుదపకుంటే చాలు."

తిరువళ్ళూరు దాటేదాకా సుదర్శనం మెల్లగానే నడిపాడు. ఆ తర్వాత చేతి గడియారం చూడడం మొదలుపెట్టాడు. చూసినప్పుడల్లా జీపు కొంచెం ఉరికేది. రాహుకాలం ఒకటిన్నరకు. రెండుసార్లు కడుపు పోయిన చెల్లెలు, ఒక్క నిమిషం అటూ ఇటూ అయి రాహుకాలంలో గడప తొక్కితే రేపు ఏం జరిగినా ఆ నిందను తన తలకే చుట్టుకునే మనిషి సుదర్శనం. వనజాక్షికి అది తెలుసు. అతను ఉరుకుతున్నది పొగరుతో మాత్రమే కాదు, భయంతో కూడా. పొగరూ భయమూ ఒకే బండి ఎక్కితే దిగమని చెప్పడం కష్టం.

చెరువు కట్ట మీదికి వచ్చేసరికి ఒంటిగంటా ఐదు. వాన సన్నగా పడుతోంది. ముందర కట్ట దిగుడు, పొద్దున ఎక్కిన ఆ మిట్టే. దాని అడుగున వంక ఎర్రగా పారుతోంది.

"సుదర్శనం. ఆపు."

జీపులో అందరూ ఉలిక్కిపడ్డారు. మునిస్వామి ఆ మాట వనజాక్షితో చెప్పలేదు. నేరుగా తమ్ముడితోనే అన్నాడు.

సుదర్శనం కూడా మధ్యవర్తిని మరిచిపోయాడు. "ఎందుకు?"

"దిగి టైర్లు చూడు. నువ్వు చెప్పిన పళ్ళ సందుల్లో బంకమట్టి నిండిపోయుంటాది. పళ్ళూడిన ముసలోడు మాదిరి వుంటాయి ఇప్పుడు."

"పొద్దున ఇదే మిట్ట ఎక్కలేదా? కండ్లు మూసుకోనుంటివి, చూడలేదు నువ్వు!"

"ఎక్కినావు. ఎక్కేదానికి లాగాల. దిగేదానికి ఆగాల. పోయేదాంట్లోనే నీ జీపు గొప్పరా. ఆగేదాంట్లో అన్ని బండ్లూ ఒగటే. ఆడ మంచులో మావాండ్లు గొలుసులు కట్టిన నాలుగు చక్రాల లారీలతోనే లోయలోకి పోయినారు."

"ఈడ మంచు యాడుంది? ఇది తిరుత్తణి!"

"బంకమట్టికీ మంచుకూ రంగే తేడా."

జీపు ఆగలేదు. దిగుడు వైపు సాగుతూనే ఉంది. కాంచన భుజాలు బిగుసుకోవడం వనజాక్షి వెనక నుంచి చూసింది. ఈ ఇద్దరి వాదనా తెగేసరికి మిట్ట దిగిపోతుంది. తర్కంతో ఆగని మగవాళ్ళను ఆపే మాట ఆడవాళ్ళ దగ్గర ఒకటుంటుంది. ఆమె ముందుకు వంగి నెమ్మదిగా అంది:

"ఏమండీ, కాంచన ఒకసారి దిగాలంట."

"ఇప్పుడేంది దిగేది?"

"తొమ్మిదో నెల ఆడది ఎందుకు దిగాలో మీకు వివరంగా చెప్పమంటారా? బావగారి ముందు?"

సుదర్శనం చెవులు ఎర్రబడ్డాయి. మునిస్వామి ఆకాశం వైపు చూశాడు. జీపు ఆగింది.

వనజాక్షి కాంచన చెయ్యి పట్టుకుని దించి, తుమ్మచెట్టు చాటుకు నడిపించింది. "నాకేం అవసరం లేదు కదా వదినా?" అని కాంచన గుసగుసలాడింది.

"నాకుంది. గమ్మున రా."

రెండు నిమిషాల తర్వాత తిరిగి వచ్చి, వనజాక్షి జీపు ఎక్కలేదు. మునిస్వామి అప్పటికే దిగి కర్ర ఊని నిలబడ్డాడు.

"ఎక్కండి బిన్నె!" అని తొందరపెట్టాడు సుదర్శనం.

"మేము నడిచి దిగుతామండీ. గడ్డి మీద పక్కపక్కనే దిగితే కాలు జారదు. మీరు బండి మెల్లగా దించుకోండి. కింద ఎక్కుతాం."

"రాహుకాలం ముంచుకొస్తా వుంటే నడిచేదా?"

"రాహువుకు తలే గానీ కాళ్ళు లేవు. ఆయన వచ్చేసరికి ఆయనకూ టైం పడుతుంది."

కాంచనకు నవ్వు వచ్చింది. ఆ నవ్వే సుదర్శనానికి గుచ్చుకుంది. భార్య మీద కోప్పడలేడు, గర్భిణి మీద అసలే కోప్పడలేడు. మిగిలింది అన్న.

"అంతా నీవల్లే!" అన్నాడు స్టీరింగు మీద చేత్తో కొట్టి. "బండి తెచ్చిన పొద్దునుంచి నీకు కడుపుమంట. మిలిటరీలో లారీలు నడిపినోడివి, ఈ పొద్దు ఎద్దు తోక పట్టుకోని తిరగతా వుండావు. తమ్ముడు జీపెక్కితే చూడలేవు!"

"ఏమండీ..."

"వుండు వనజా! నేను బండి కొనాలనుకున్నప్పుడు మొదట ఎవుర్ని తల్చుకున్నానో తెల్సునా? మా అన్న నేర్పతాడు, ఆయన పక్కన కూచుంటాడు అనుకుంటి. రెండుసార్లు అడగబోతి. మోటారంటే మొగం మొత్తిందని లేసిపోయినాడు. సొంత అన్న డ్రైవరై వుండి, తిరువళ్ళూరు మెకానిక్కు తావ తిట్లు తిని నేర్చుకున్నా. ఎందుకు? నాకు రాకూడదని కదా!"

 మునిస్వామి ముఖంలో రంగు పోయింది. ఏదో చెప్పబోయి, వేరే మాట అన్నాడు.

"ఫస్టు గేరులో దిగు. ఇంజనే పట్టుకుంటాది. బ్రేకు మాత్రం గట్టిగా తొక్కొద్దు."

సుదర్శనం ఆ మాట విన్నాడో లేదో. జీపు గర్జించి దిగుడులోకి పోయింది.

మొదటి ఇరవై గజాలు బాగానే పోయింది. సుదర్శనం తల వెనక నుంచి చూస్తే గెలిచిన తలలాగే ఉంది. అప్పుడు కింద వంక కనబడి ఉంటుంది. పొద్దుటికంటే నీళ్ళు ఎక్కువగా ఉన్నాయి. బ్రేకు తొక్కాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారిగా తిరగడం మానేశాయి. బండి మాత్రం పోవడం మానలేదు. చప్పుడు లేకుండా, తామరాకు మీది నీటిబొట్టులా, పక్కకు తిరిగి, అడ్డంగా జారిపోతోంది. అతను స్టీరింగును ఎటు తిప్పినా అది వినలేదు. దారి పక్క మైలురాయికి ధన్‌మని తగిలి, అక్కడినుంచి దొర్లకుండా, పక్క వరిమడిలోకి దిగి కూర్చుంది.

కాంచన కేక పెట్టింది. వనజాక్షి ఆమెను రెండు చేతులా పట్టుకుంది. పరుగెత్తాలని కాళ్ళు లాగుతున్నా వదలలేదు.

పరుగెత్తింది మునిస్వామి. ఆ మనిషి పరుగెత్తడం పదేళ్ళలో ఆమె చూడలేదు. కర్ర పారేశాడు. జారి పడ్డాడు, లేచాడు, మళ్ళీ పరుగెత్తాడు. కాంచనను చెట్టు మొదట్లో కూర్చోబెట్టి వనజాక్షి వెనకే దిగుతుంటే, దారి మధ్య బురదలో ఆయన కుడికాలి బూటు కనబడింది. తీసుకుని పోయింది.

"బావా, మీ బూటు!"

ఆయన వెనక్కి తిరిగి, ఏ బూటు అన్నట్టు చూశాడు. ఆ తర్వాత తన కాలు చూసుకున్నాడు. ఎవరిదో కాలును చూసినట్టు చూశాడు. రాయి కోసుకుని అరికాలు నుంచి రక్తం కారుతోంది. ఆయనకు తెలియదు.

సుదర్శనం జీపులోనే కూర్చుని ఉన్నాడు. నుదుటి మీద చిన్న గీత తప్ప దెబ్బలేమీ లేవు. రెండు చేతులూ స్టీరింగును పట్టుకుని ఉన్నాయి, కళ్ళు మాత్రం పక్క సీటు మీద ఉన్నాయి. మైలురాయి తగిలిన చోట ఇనుప రేకు లోపలికి మడుచుకుని వచ్చి, సీటును నొక్కేసింది. కాంచన దిండు దాని కింద చిరిగి, దూది బయటికి వచ్చింది.

"అన్నా," అన్నాడు. "పాప ఈడనే కూచోనుండె."

"ఇప్పుడు లేదు కదరా."

"వదిన దించకపోయింటే..." భార్యను వదిన అంటున్నాననే స్పృహ కూడా అతనికి లేదు, కాంచన నోటి మాట అతని నోట్లోకి వచ్చేసింది. "అన్నా, రాహుకాలం తప్పించాలని..."

"తెల్సు. ఏడవొద్దు. పాప పైనుంచి చూస్తా వుండాది, భయపడతాది. లే."

అప్పటికి పొలంలో ఉన్న తిరుమలయ్య అనే రైతు ఎద్దుబండి తోలుకుని వచ్చాడు. "సామీ, దెబ్బ పడలయే? ఎవురికీ ఏమీ కాలేదు కదా?" అని రెండు భాషల్లోనూ ఒకేసారి అడిగి, కాంచనను చూసి, తన బండిలో గడ్డి మెత్తగా పరిచాడు. వనజాక్షి ఆమెను గడ్డి మీదుగా మెల్లగా నడిపించి దించి, బండి ఎక్కించి, పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. లోపలి మనిషి ఒక తన్ను తన్నింది. 

జీపు దగ్గర మునిస్వామి ఇంకో మనిషి అయిపోయాడు. టైర్ల పళ్ళలో మట్టిని పుల్లతో గీకించాడు. గాలి కొంచెం కొంచెం వదిలించాడు. చక్రాల ముందు తాటాకులు పరిపించాడు. "ఆడ తాటాకులు యాడివి, మా కంబళ్ళు పరిచేవాండ్లం," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. తిరుమలయ్య తన బండి ఎద్దులను విప్పి తెచ్చి జీపు ముందర పూన్చాడు. ఇక బండి నడిపేవాడు కావాలి.

సుదర్శనం ఎక్కి కూర్చున్నాడు గానీ రెండుసార్లు గేరు కడ్డీ పట్టుకుని వదిలేశాడు. కళ్ళు మళ్ళీ ఆ నలిగిన సీటు మీదికే పోయాయి.

"దిగు," అన్నాడు మునిస్వామి. తాను ఎక్కి కూర్చున్నాడు. స్టీరింగు మీద చేతులు పెట్టాడు. ఆ చేతులు అక్కడే పుట్టినట్టు కుదిరాయి. కానీ ఇంజను వేయలేదు. కిందికి చూశాడు, స్టీరింగు చాటున పెడళ్ళు కనబడలేదు. చివరికి, ఎవరికీ వినపడకూడదని అన్న మాట, ఎద్దుబండి దగ్గర నుంచి ఇటే వస్తున్న వనజాక్షికి వినపడింది.

"రేయ్, నా కాలు యాడుందో చూడు."

"ఏంది?"

"కుడికాలు. బ్రేకు మీదుందా, పక్కనుందా? చూసి చెప్పు. నాకు తెలీదు."

సుదర్శనం వంగి చూశాడు.

"వేళ్ళు మూడే పోయినాయని చెప్పినా కదా. వేళ్ళతో పాటు అరికాలు కూడా పొయ్యింది. వుండాది, కానీ లేదు. నిప్పు మీద పెట్టినా తెలీదు. బ్రేకు తొక్కినానో లేదో తెలీనోడు బండి నడపకూడదు. అందుకే ముట్టలేదు." ఆయన తమ్ముడి వైపు చూడలేదు. "నీకు పక్కన కూచోని నేర్పతా వుంటే, ఏదో ఒక పొద్దు, ఏదీ నువ్వు తొక్కి చూపించన్నా అంటావు. ఏమని చెప్పేది? డ్రైవరు మునిస్వామికి కాలు లేదనా? మొగం మొత్తిందని చెప్పేది సులువు."

సుదర్శనం మోకాళ్ళ లోతు బురదలో అలాగే కిందికి కూలబడ్డాడు. రక్తమూ మట్టీ అంటిన ఆ కాలును రెండు చేతులతో పట్టుకున్నాడు. పట్టుకుని, జరిపి, పెడలు మీద పెట్టాడు.

"ఇప్పుడు బ్రేకు మీదుందన్నా."

"తొక్కతా. సగం తొక్కినాక చెప్పు."

"ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు."

"ఇప్పుడు తీసి పక్కన యాక్సిలేటరు మీద పెట్టు. మెల్లగా. నొక్కేది నువ్వే, చేత్తో. నేను స్టీరింగు చూసుకుంటా."

ఒకరి కళ్ళూ ఇంకొకరి చేతులూ కలిసి ఆ బండిని కదిలించాయి. "మెదువా, మెదువా," అని అరవంలో మెల్లగా పొమ్మంటూ తిరుమలయ్య ఎద్దులను అదిలించాడు. జీపు గర్జించలేదు. గొణిగింది. తాటాకుల మీదుగా, అంగుళం అంగుళంగా, దారి మీదికి వచ్చింది. సుదర్శనం దానితో పాటు మోకాళ్ళ మీద పాకుతూ వచ్చాడు, అన్న కాలును వదలకుండా.

దారి మీదికి వచ్చాక మునిస్వామి ఇంజను ఆపి, పక్కనున్న నలిగిన సీటు మీదికి జరిగాడు. "రా. ఇంక నువ్వే."

"నాకు రాదన్నా."

"ఆరు నెలలుగా నడపతానే వుండావు కదరా."

"నడిపేది వచ్చు." సుదర్శనం ముఖం తుడుచుకున్నాడు. వాన అంతకుముందే తగ్గింది గనక వాన మీద నెపం పెట్టడానికి వీల్లేదు. "ఆపేది నేర్పు."

 మునిస్వామి చేతితో సీటు మీద తట్టి, కూర్చోమన్నాడు.

నీళ్ళు తగ్గేదాకా కాచుకుని, మునిస్వామి చెప్పినట్టు సుదర్శనం కర్రతో లోతు చూసుకుంటూ ముందు నడిచి వచ్చాక, వంక దాటారు. ఎద్దుబండి ముందు, జీపు వెనక. రెండు మైళ్ళ దారిలో బండిలో వెనక్కి తిరిగి కూర్చున్న ఆడవాళ్ళకు మంచి వినోదం దొరికింది. జీపు పది గజాలు వస్తుంది, ఆగుతుంది. మళ్ళీ పది గజాలు వస్తుంది, ఆగుతుంది. ప్రతిసారీ మునిస్వామి చెయ్యి గాల్లో ఏదో వివరిస్తుంది, సుదర్శనం తల బడి పిల్లాడి తలలా ఊగుతుంది. ఒకసారి మాత్రం మునిస్వామి తమ్ముడి నెత్తిన ఒకటి మొట్టడం కనబడింది.

"వదినా, వీళ్ళు ఇట్ల వస్తే నా బిడ్డ నడిచి ఎదురుపోతాది," అంది కాంచన.

"పోనీ. ఇద్దరు మామల్నీ చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది," అంది వనజాక్షి. ఆమెకు వెనక వస్తున్న జీపు మసకగా కనబడింది.

ఆ వేగానికి రాహుకాలం కూడా విసుగెత్తి వెళ్ళిపోయింది. మూడు దాటాక కాంచన కుడికాలు పెట్టి లోపలికి వచ్చింది. డాక్టరమ్మకు మనిషిని పంపారు. ఆమె వచ్చి, గొట్టం పెట్టి విని, "బిడ్డ గుండె గుర్రంలా ఉంది. అయినా ఈ వానలో ఏ బండిలో తీసుకొచ్చారు?" అని అడిగింది.

"ఎద్దుబండి," అన్నాడు సుదర్శనం, సిగ్గుపడకుండా.

డాక్టరమ్మ మునిస్వామి అరికాలికి కట్టు కట్టాలంది. అంతకుముందు మట్టి కడగాలంది. వనజాక్షి కాగులో నీళ్ళు కాచి, రాగి చెంబుతో వరండాలోకి తెచ్చేసరికి, సుదర్శనం ఆమె చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. నీళ్ళు తన ముంజేతి మీద పోసుకుని వేడి చూసుకున్నాడు. చల్లనీళ్ళు కలిపి మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత అన్న ముందు గొంతుక్కూర్చుని, ఆ కాలును ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు లేని చోట మెల్లగా రుద్దుతూ నీళ్ళు పోయసాగాడు.

"వేడి తెలస్తా వుందా అన్నా?" అన్నాడు, జవాబు తెలిసి కూడా.

"తెలీదు," అన్నాడు మునిస్వామి. తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు పోస్తా వుండేది తెలస్తా వుంది. పొయ్యి."